‘స్టే లేదు, ఈసీ నిల్, ఖాతా ఉంది’ అంటున్నారు, కొనొచ్చా? కోర్టు మాటలకి అసలు అర్థాలు

ముందు మీ సంగతి కుదించి చెబుతాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీది మదనపల్లె. ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్ళిలో లీజు ఇంట్లో. కె.ఆర్.పురం అవతల ఒక పాత ఇల్లు నచ్చి రెండు లక్షలు బయానా ఇచ్చారు. ఆ ఇల్లు కట్టిన పెద్దాయన పోయారు. కొడుకు మైసూరులో ఉంటాడు, ఇంకొకాయనకి జీపీఏ (తన తరఫున సంతకం చేసే అధికారం) రాసిచ్చి అమ్మిస్తున్నాడు. మీ వకీలు ఇచ్చిన నాలుగు పేజీల ఒపీనియన్‌లో బి ఖాతా, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నిల్, ఆ కొడుకు చెల్లెలు వేసిన పార్టిషన్ సూటు, అంటే పంపకం దావా, పెండింగు, ఒకటో ప్రతివాది ఎక్స్‌పార్టీ, మధ్యంతర ఉత్తర్వు లేదు, లిస్ పెండెన్స్ వర్తిస్తుంది అని ఉంది. బ్రోకరేమో ‘స్టే లేదు, ఈసీ నిల్, ఖాతా ఉంది, ఇంకేం సార్’ అంటున్నాడు. వెనక్కి తగ్గితే 420 కేసు పెడతామని కూడా అన్నాడు. ఈ మాటలకి తెలుగులో అర్థాలు చెప్పమన్నారు.

నేను వకీలును కాను. కెంపేగౌడ రోడ్డు సిటీ సివిల్ కోర్టులో తిరిగే వకీళ్ళ దగ్గర ఇరవై ఆరేళ్ళు గుమాస్తాగా చేశాను. ఫైళ్ళు మోశాను, కాపీలకి అర్జీలు పెట్టాను, వాయిదాలు రాసుకున్నాను. కాబట్టి నా మాట మీ వకీలు మాటకి బదులు కాదు. ఆయన రాసింది చదువుకోడానికి సాయం, అంతే.

డిక్షనరీ తీస్తే లిస్ పెండెన్స్ అంటే ‘విచారణలో ఉన్న వ్యాజ్యం’ అని ఉంటుంది. దాంతో మీకు ఒరిగేదేముంది? ఏ కోర్టు మాట ఎదురైనా ఒకటే అడగండి: ఇది నిజమైతే రేపు నా డబ్బుకేమవుతుంది, నన్ను ఇంట్లోంచి ఎవరు లేపగలరు? లాటిన్ మాట వస్తే ఎలాగూ వకీలుని అడుగుతారు. మనకి ముందే తెలుసనుకునే ఇంగ్లీషు మాటల దగ్గరే అడగం.

ఒకసారి గుంటూరు వైపు సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకరు మా ఆఫీసులో కూర్చుని క్రయపత్రం డ్రాఫ్టు చదివాడు. చదివి, ‘షెడ్యూలు చూశానండీ, కానీ మిగతా డబ్బు ఏ తేదీకి ఎంత కట్టాలో అందులో లేదే’ అన్నాడు. దస్తావేజులో షెడ్యూలంటే తేదీల పట్టిక కాదయ్యా, ఆస్తి వివరం, కొలతలు, నాలుగు దిక్కుల హద్దులు అని చెప్పాను. ఇక్కడి కన్నడ పత్రాల్లో చెక్కుబందీ అని ఉండేది ఆ హద్దుల భాగమే. తేదీలు కనబడలేదని అతను పైపైన చూసి తిప్పేసిన ఆ అరపేజీలోనే తూర్పు హద్దు సైటు నంబరు తప్పు పడి ఉంది. రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడితే సవరణ దస్తావేజు కోసం అమ్మినవాళ్ళ ఇంటి చుట్టూ తిరగాల్సి వచ్చేది. కన్సిడరేషన్ అంటే ప్రతిఫలం, అంటే ధర. ఎగ్జిక్యూట్ చేయడమంటే సంతకం చేసి రాసివ్వడం. దావా చివర ఉండే ప్రేయర్ అంటే కోర్టుని ఏం కోరుతున్నారో అది. మీ ఒపీనియన్‌లో ఈ మూడూ ఉంటాయి, చూసుకోండి.

ఇక లిస్ పెండెన్స్. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 52వ సెక్షన్ ఇది. ఒక స్థిరాస్తి హక్కు మీద దావా నడుస్తుండగా అందులో పార్టీగా ఉన్న మనిషి ఆస్తి అమ్మితే, ఆ అమ్మకం రద్దయిపోతుందని చట్టం అనదు. సబ్‌రిజిస్ట్రారు రిజిస్టరు కూడా చేస్తాడు, హక్కు ఎవరిదో తేల్చడం ఆయన పని కాదు. కానీ కొన్నవాడు ఆ దావాలో వచ్చే తీర్పుకి కట్టుబడి ఉండాలి. ‘దావా సంగతి నాకు చెప్పలేదండీ’ అన్నా చెల్లదు. మీకైతే వకీలు రాసే ఇచ్చారు కాబట్టి ఆ మాట అనడానికి కూడా లేదు. ఆ అన్నకి చివరికి ఎంత వాటా తేలితే మీరు కొన్నది అంతే. సగం తేలితే, పూర్తి ఇంటికి డబ్బు కట్టి సగం కొన్నట్టు.

అందుకే బ్రోకర్ చెప్పే ‘స్టే లేదు’ నిజమే అయినా మీకు పనికిరాదు. అసలు అతను వాడాల్సిన మాట కూడా స్టే కాదు. ఒక ఉత్తర్వునో, వేలాన్నో, కింది కోర్టు తీర్పు అమలునో ఆపేది స్టే. ఫలానా పని చేయొద్దని మనిషిని కట్టడి చేసేది ఇంజంక్షన్. మన ఊళ్ళలో రెంటినీ స్టే అనేస్తారు. ఇక్కడ కన్నడంలోనూ రెంటికీ తడెయాజ్ఞె అనే ఒకే మాట నడుస్తుంది. ఇల్లు అమ్మొద్దని ఇంజంక్షన్ ఉంటే దాన్ని మీరి అమ్మినవాడికి ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు కూడా పడొచ్చు. మీ కేసులో ఆ ఉత్తర్వు లేదు, సరే. ఎందుకు లేదు? ఆమె అడగలేదా, అడిగితే జడ్జిగారు కాదన్నారా, అర్జీ ఇంకా విచారణలో ఉందా? ఫైల్లో ఐ.ఏ. అని నంబరుతో ఉండే అర్జీ, దాని పక్కన ఆర్డర్ షీటు (ప్రతి వాయిదాకీ కోర్టు ఏం చేసిందో రాసే కాగితం) చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. మీ వకీలుని ఆర్డర్ షీటు కాపీ తెప్పించమనండి.

నన్ను ఎక్కువ భయపెట్టింది మీరు అంతగా పట్టించుకోని మాట: ‘ఒకటో ప్రతివాది ఎక్స్‌పార్టీ’. వాది అంటే దావా వేసిన చెల్లెలు. ఒకటో ప్రతివాది బహుశా ఇల్లు అమ్ముతున్న అన్నే, దావా కాపీలో పేరు చూసి ఖాయం చేసుకోండి. సమన్లు అందినా ఆయన కోర్టుకి రాలేదు కాబట్టి, ఆయన లేకుండానే విచారణ నడుపుతాం అని కోర్టు రాసుకుంది. అంటే ఒకవైపు సాక్ష్యమే రికార్డవుతోంది. తన ఇంటి మీద దావా పడితే వకాలత్ కూడా వేయని మనిషి, మీకు మాత్రం తొందరగా రిజిస్టరు చేస్తానంటున్నాడు. తొందర ఎందుకో మీకే తెలియాలి.

సమన్లు తీసుకోకపోతే కేసు లేనట్టే అనే నమ్మకం మనవాళ్ళలో చాలామందికి ఉంది. మా చిన్నాయన హిందూపురం దగ్గర పల్లెలో ఉండేవాడు. పొలం గట్టు తగాదాలో కోర్టు అమీనా సమన్లు తెస్తే, ఇంట్లో లేనని చెప్పించి వెనక దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. రెండోసారి అమీనా తలుపుకి కాగితం అంటించి, ఇద్దరు సాక్షుల పేర్లు రాసుకుని పోయాడు. చిన్నాయన ఆ కాగితం చించి పొయ్యిలో పెట్టాడు. చట్టం లెక్కలో సమన్లు అందినట్టే. రిజిస్టర్డు పోస్టు ‘తీసుకోడానికి నిరాకరించారు’ అని తిరిగి వెళ్ళినా అంతే. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఆయన లేకుండానే తీర్పు, అయింది, అమలుకి మళ్ళీ అదే అమీనా వచ్చాడు. సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, దాన్నే రిటన్ స్టేట్‌మెంట్ అంటారు. కోర్టు 90 రోజుల దాకా పొడిగించొచ్చు. ఎక్స్‌పార్టీ డిక్రీని పక్కన పెట్టమని అడగడానికి ఇంకో 30 రోజులు. మా చిన్నాయన పరుగెత్తేసరికి ఆ గడువూ దాటింది, ఆలస్యాన్ని మన్నించమని ఇంకో అర్జీ, దానికి ఇంకో రెండేళ్ళు. (వాయిదా అనే మాట చూడండి, విచారణ రోజుకీ అదే మాట, అది వెనక్కి పోవడానికీ అదే మాట. కోర్టు వరండాల్లో నిలబడినవాడెవడో పెట్టి ఉంటాడు.)

లాయర్ నోటీసు వేరు, సమన్లు వేరు, ఇది కూడా కలిపేస్తారు. లాయర్ నోటీసు అంటే అవతలి వకీలు రాసిన ఉత్తరం. దాని వెనక కోర్టు లేదు. అయినా చెక్కు బౌన్స్ నోటీసు లాంటివి తేలిగ్గా తీసుకోకూడదు, అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు వేసే హక్కు అవతలివాళ్ళకి వస్తుంది.

ఇప్పుడు చెల్లెలి హక్కు. ‘పెళ్ళి చేసి పంపేశాం, కట్నం ఇచ్చాం, ఇంకేం వాటా’ అనే మాట ఇంకా వింటూనే ఉన్నాను. ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకి కొడుకులతో సమాన హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది, కర్ణాటకలో అలాంటిది 1994లో అమల్లోకి వచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా హిందూ కుటుంబాల్లో పెళ్ళైనా కాకున్నా కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అనే పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, అక్కర్లేదంది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్డు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో పంపకం పూర్తయి ఉంటే మాత్రం దాన్ని ఇప్పుడు తిరగదోడరు.

పైన చెప్పిందంతా పిత్రార్జితానికి, అంటే తాతతండ్రుల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తికి. పెద్దాయన సొంత సంపాదనతో కొని కట్టి ఉంటే అది స్వార్జితం. వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, బతికుంటే ఆయన తల్లి, అందరికీ సమానంగా వస్తుంది. ఏ దారిన చూసినా చెల్లెలికి వాటా కనిపిస్తోంది. వీలునామా రాసి ఉంటే ఆ కథే వేరు. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులుంటే చాలు, కాబట్టి ఎవరి బీరువాలోంచైనా బయటికి రావొచ్చు.

పార్టిషన్ సూటులో డిక్రీ అయిందని ఎవరైనా చెబితే ఏ డిక్రీ అని అడగండి. ముందు ప్రిలిమినరీ డిక్రీ వస్తుంది, అందులో ఎవరికెంత వాటా అనేదే ఉంటుంది. తర్వాత కోర్టు వేసిన కమిషనర్ వచ్చి కొలిచి, ఏ ముక్క ఎవరిదో తేలాకే ఫైనల్ డిక్రీ. రెండింటి మధ్య పదేళ్ళు గడిచిన ఫైళ్ళు నా చేతులతో మోశాను. ఇ-కోర్ట్స్ సైటులో పార్టీ పేరుతో గానీ, ప్రతి కేసుకీ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో గానీ వెతికితే కేసు స్థితి మీరే చూసుకోవచ్చు. అక్కడ ‘డిస్పోజ్డ్’ అని ఉంటే ఆ కోర్టులో ఫైలు మూసేశారని మాత్రమే. గెలిచారో, ఓడారో, రాజీ పడ్డారో, వకీలు రాక కొట్టేశారో లోపలికి వెళ్ళి చూడాలి. పైగా అప్పీలు గడువు వేరే.

ఈ ఇల్లే కావాలంటే దారి లేకపోలేదు. చెల్లెలిని కూడా అమ్మేవాళ్ళలో ఒకరిగా చేర్చి క్రయపత్రంలో సంతకం చేయించాలి. లేదా ఆమె తన వాటా హక్కు విడుదల పత్రం, అంటే రిలీజ్ డీడ్, రిజిస్టరు చేసి ఇవ్వాలి. ఏది చేసినా ఆ దావా రాజీ డిక్రీతో ముగిసిన కాపీ మీ చేతికి రావాలి. లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఇంకా మంచిది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. పెద్దాయన భార్య ఉంటే ఆమె సంతకం కూడా. ‘చెల్లెలి చేత సాక్షి సంతకం పెట్టిస్తాం’ అంటే ఒప్పుకోకండి. సాక్షి సంతకం అంటే ‘ఈయన సంతకం చేయడం నేను చూశాను’ అని మాత్రమే, హక్కు వదులుకున్నట్టు కాదు.

ఈసీ నిల్ సంగతి. ఇక్కడ ఫారం 15 అంటే లావాదేవీలున్న ఈసీ, ఫారం 16 అంటే నిల్. మీరు అడిగిన ఆస్తి మీద, అడిగిన సంవత్సరాల్లో, ఆ రిజిస్టర్లలో నమోదైన లావాదేవీ లేదని మాత్రమే నిల్ చెబుతుంది. దావాలు మామూలుగా అందులో కనిపించవు. రిజిస్టరు చేయని వీలునామా కనిపించదు. ఇంటి నంబరు ఒక అంకె తప్పు కొట్టి వెతికినా నిల్ వస్తుంది, నా కళ్ళ ముందే వచ్చింది. ఇక్కడి రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్లో దొరికేవి 2004 నుంచి, అంతకుముందువి విడిగా తీయించాలి. ముప్పై ఏళ్ళకి తీయించండి. తర్వాత ఫారం 15లో వచ్చే ప్రతి దస్తావేజు నంబరునీ మీ చేతిలో ఉన్న కాగితాలతో ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకోండి. ఒకటి ఈసీలో ఉండి మీ దగ్గర లేకపోతే అక్కడ ఆగండి.

ఖాతా అంటే కార్పొరేషన్ పుస్తకంలో పన్ను ఎవరి పేరున వసూలు చేయాలో రాసుకున్న పద్దు. అది హక్కు పత్రం కాదు. అన్న పేరున ఖాతా ఉందంటే పన్ను ఆయన పేరున కడుతున్నారని, చెల్లెలి వాటా పోయిందని కాదు. లేఅవుట్‌కి అనుమతి లేకనో, వ్యవసాయ భూమి మార్పిడి కాకనో, ఇంకేదో లొసుగుతో మెయిన్ రిజిస్టర్లో ఎక్కనివాటిని బి రిజిస్టర్లో రాసి పన్ను తీసుకుంటారు, అదే బి ఖాతా. పన్ను తీసుకున్నంత మాత్రాన లొసుగు సర్దుకుపోదు, బ్యాంకులు అప్పివ్వడానికి వెనకాడేది అందుకే. 2024 అక్టోబర్ నుంచి రిజిస్ట్రేషన్‌కి ఇ-ఖాతా (ఆన్‌లైన్ ఖాతా) అడుగుతున్నారు, 2025లో బెంగళూరు కార్పొరేషన్ బీబీఎంపీ స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కాగితం మీద పేర్లు మారాయి గానీ ఖాతా చేసే పని మారలేదు.

జీపీఏ అంటే నా తరఫున నువ్వు సంతకం చెయ్యి అని ఇచ్చే అధికారం. ఇచ్చినాయన పోతే మామూలుగా అదీ పోతుంది. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి ఇచ్చి ‘అమ్మేశాం’ అనే పద్ధతితో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. అంతమాత్రాన నిజమైన జీపీఏతో యజమాని తరఫున క్రయపత్రం రాయించడం తప్పేమీ కాదు. కానీ మైసూరు మూడు గంటల దారి. ఇంత దగ్గరలో ఉన్న మనిషి స్వయంగా రాకుండా ఇంకొకరిని ఎందుకు పంపుతున్నాడు? ఒక ఆదివారం బండెక్కి వెళ్ళి ఆయన ఎదుట కూర్చుని కాఫీ తాగి రండి. నోటరీ ముద్ర చూసి మోసపోకండి, నోటరీ చూసేది సంతకాన్ని, ఇంటి హక్కుని కాదు.

420 బెదిరింపుకి నవ్వొచ్చింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం ఇప్పుడు 318వ సెక్షన్. తిట్టుగా మాత్రం 420 ఇంకో వందేళ్ళు బతుకుతుంది. సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో ముందస్తు బెయిల్ నంబరు ఇప్పుడు 482. పాత సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుకి వెళ్ళే సెక్షన్, అందుకని మొదట్లో పాత గుమాస్తాలం ఒక కాగితం అడిగితే ఇంకో కాగితం తీసిచ్చాం. ఇక మీ విషయం: మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉంటేనే అది చీటింగ్. కాగితాల్లో లొసుగు కనబడి కొనకుండా ఆగడం సివిల్ తగాదా, మహా అయితే బయానా దగ్గర పేచీ. దానికి మిమ్మల్ని ముద్దాయిని చేసినా మోసం కేసు నిలవడం కష్టం. (ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి బోనెక్కాడు.)

మీరుంటున్న లీజు గురించి కూడా ఒక మాట. చట్టంలో లీజు అంటే ఏ అద్దె ఒప్పందమైనా లీజే. ఏడాది దాటితే రిజిస్టరు చేయాలి, పదకొండు నెలల అగ్రిమెంట్ల రహస్యం అదే. బెంగళూరు వీధిలో మాత్రం లీజంటే పది పన్నెండు లక్షలు ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా ఉండటం, ఇక్కడివాళ్ళు భోగ్య అంటారు, మన పాత దస్తావేజుల్లో భోగబంధకం. ఇంటాయనకి ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ముందే ఉంటే, ఆయన కట్టనప్పుడు బ్యాంకు ఇంటిని తీసుకుంటుంది, మీ లక్షలు ఆయన దగ్గర వసూలు చేసుకోండి అంటుంది. మీ అగ్రిమెంటు రిజిస్టరు అయిందా, ఆ ఇంటి ఈసీలో బ్యాంకు పేరు ఉందా, ఇవాళే చూడండి. ఇది కొత్త ఇంటికన్నా తొందర పని.

మీ చేతిలో ఇప్పుడున్నది అగ్రిమెంటే, శుద్ధ క్రయపత్రం కాదు. అగ్రిమెంటుతో ఇంటి మీద హక్కు రాదు, అమ్మమని అడిగే హక్కు వస్తుంది. అందుకే మీరూ ఇంకా పూర్తిగా ఇరుక్కోలేదు. అందులో బయానా తిరిగి ఇవ్వడం గురించి ఒక పేరా ఉండాలి. ‘అమ్మకందారు నిర్దోషమైన హక్కు చూపించాలి’, ‘చూపలేకపోతే’, ‘ఏ వ్యాజ్యాలూ లేవు’ లాంటి మాటలు వెతకండి. దావా ఉండగా వ్యాజ్యాలు లేవని రాసి సంతకం చేసి ఉంటే మీ రెండు లక్షలు వెనక్కి అడగడానికి అదే పట్టు. పేర్లు, నంబర్లు కొట్టేసి ఆ పేరా ఒక్కటి ఇక్కడ పెట్టండి, రాత్రికి చూసి రాస్తాను.